గంజి ఆరిపోతోందనుకున్నాం

మొన్నీమధ్య రొంప పట్టి ఎంతకీ వదలకపోతే మా భవానీపురంలోనే వీధి మలుపులో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా కొడుకు వయసు కూడా ఉండదు గాని చేతిలో ఓపిక ఉన్న మనిషి. వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు. అంతటితో అయిపోయిందనుకుని నేను పమిట సర్దుకోబోతుంటే ఉండమని చెప్పి, కుడివైపు మెడ ఎముకకి కాస్త దిగువన ఒకచోట పెట్టి కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. గుండెలో సన్నటి చప్పుడేదో వినిపిస్తోందనీ, కంగారు పడాల్సిందేమీ లేదు గాని ఒకసారి ఎకో తీయించుకుంటే మంచిదనీ చెప్పాడు.

మన ఈడువాళ్ళం ఆ మాట వింటే ముందు దేవుణ్ణి తలుచుకుంటాం, తర్వాత పిల్లలకి ఫోను చేస్తాం. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, భయంకంటే ముందు ఆరా పుట్టుకొచ్చింది. ఏ కవాటం దగ్గర వినిపిస్తోంది, గుండె ముడుచుకునేటప్పుడా విచ్చుకునేటప్పుడా అని అడిగితే ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హైస్కూలు పిల్లలకి సైన్సు పాఠం చెప్పి, నల్లబల్ల మీద గుండె బొమ్మ గీసి నాలుగు గదులకీ పేర్లు రాసినదాన్ని, నా గుండె సంగతి నేను అడక్కపోతే ఇంకెవరడుగుతారు? చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను ఆరాలమ్మ అని ఊరికే అనేవాళ్ళు కాదు.

మర్నాడు గవర్నర్‌పేటలో ఎకో తీసేచోటికి ఆటోలో వెళ్ళాను. ఎడమపక్కకి తిరిగి పడుకోమని, పక్కటెముకల మీద చల్లటి జిగురు రాసి, చేతిలో ఇమిడే పరికరంతో అదిమి చూస్తున్న అమ్మాయిని బతిమాలి తెర నావైపు తిప్పించుకున్నాను. నా గుండె నాకు కనిపించింది. నెత్తురు పరికరం వైపు వస్తే ఎరుపు, దూరంగా పోతే నీలం, ఇరుకు దారిలో సుడి తిరిగితే రంగులన్నీ కలిసిపోయి కనిపిస్తాయని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఒక మీట నొక్కితే నెత్తురు పోయే జోరు చప్పుడుగా మారి హుష్షు హుష్షుమని గదంతా వినిపించింది. చివరికి తేలిందేమిటంటే, గుండెలోంచి పెద్ద రక్తనాళంలోకి తెరుచుకునే కవాటం వయసుతో కాస్త మందమెక్కింది, ఇప్పటికి చేయాల్సిందేమీ లేదు, ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. అక్కడి డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెడుతూ, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగింది. లేదు అని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆ ప్రశ్న నేను ఇదే గవర్నర్‌పేటలో ఇదివరకొకసారి విన్నాను. అప్పుడు అడిగింది నన్ను కాదు, మా వదినని.

మాది పెడన. మా వీధిలో ఇంటికొక మగ్గం, మా ఇంట్లో రెండు. ఒకటి నాన్నది, రెండోది అన్నయ్యది. ఈ కాలం వాళ్ళకి చెబితే ఆశ్చర్యపోతారు గాని, అప్పట్లో మగ్గం పనిలో సగం వీధిలోనే జరిగేది. చీర పొడుగునా పోయే నూలుపోగుల్ని, అంటే పడుగుని, వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కర్రల మీద సాగదీసి కట్టి, దానికి గంజి పట్టించాలి. ఈత చాపలాగా పరుచుకున్న ఆ పోగులకి ఇటొకరు అటొకరు నిలబడి, మధ్యలో పొడుగాటి కుంచెని చెరో కొసా పట్టుకుని, అదిమి దువ్వుకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ ఆ చివరికి నడవాలి, మళ్ళీ ఈ చివరికి రావాలి, గంజి పోగుపోగుకీ పట్టి తడి ఆరేలోపల ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు అలా తిరుగుతూనే ఉండాలి. ఒకరు ముందుకి పోయి ఇంకొకరు వెనకపడ్డారా, కుంచె వంకరవుతుంది. ఇద్దరూ కలిసి ఆలస్యం చేశారా, ఎండ పడి గంజి ముందే ఆరిపోయి పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న పడుగు మగ్గమెక్కితే నేసేవాడికి నరకమే, జానెడు గుడ్డకి పదిసార్లు పోగు తెగుతుంది. అందుకే తెల్లవారుజామున చల్లపూట ఆ పని పెట్టుకునేవాళ్ళు.

అన్నయ్యకి పెళ్ళయి వదిన కాపరానికొచ్చిన కొత్తలో కుంచె పట్టడానికి అమ్మ స్థానంలోకి వదిన వచ్చింది. గుడివాడ దగ్గర పల్లెటూరు ఆవిడ పుట్టిల్లు, వాళ్ళూ మగ్గాలవాళ్ళే. సన్నగా రివటలా ఉన్నా నడకలో భలే జోరుండేది. ఆ ఇద్దరూ కుంచె పట్టి నడుస్తుంటే వీధిలో వాళ్ళు పళ్ళు తోముకోవడం ఆపి చూసేవాళ్ళంటే నమ్మండి. సూర్యుడు ఎదురింటి పెంకుల మీదికి రాకముందే మా పడుగు ఆరి, చుట్టి, లోపలికి వెళ్ళిపోయేది. అన్నయ్య మాటకారి కాడు, పెళ్ళాన్ని పదిమందిలో పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఆ కుంచెకి చెరో కొసనే అని నేను వదినని ఆటపట్టించేదాన్ని. ఆవిడ ఏం తక్కువ తినలేదు, నీకు రాబోయేవాడు మాటలపోగైతే అప్పుడు తెలుస్తుందిలే అనేది. అన్నట్టే అయింది, అది వేరే సంగతి.

రెండు మూడేళ్ళు గడిచాయో లేదో మా అన్నయ్య మగ్గం మీద పోగులు తెగడం మొదలైంది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు, పోగన్నాక తెగుతుంది, అతుక్కుంటాం. కానీ రానురాను ఎక్కువైంది. నూలు ఇచ్చే షావుకారు గుడ్డ తిప్పి చూసి పెదవి విరిచాడు. పడుగు చేత్తో తడిమి చూసిన నాన్న, గంజి సరిగ్గా పట్టలేదు, ముందే ఆరిపోయింది అని తేల్చేశారు. ఇక అక్కణ్ణుంచి మా ఇంట్లో గంజి మీద సాగిన పరిశోధన ఇంతా అంతా కాదు. అమ్మ బియ్యం మార్చింది. గంజి పలచన చేసింది, చిక్కన చేసింది, ఆరకుండా ఉంటుందని కొబ్బరినూనె చుక్కలు ఎక్కువేసింది. పంపు నీళ్ళలో ఉప్పదనం పెరిగిందని ఎవరో అంటే నేను చెరువు నీళ్ళు మోసుకొచ్చాను. నూలే మంచిది కాదని నాన్న షావుకారుతో పోట్లాడి వేరే బేళ్ళు తెచ్చారు. వీధిలో ఎవరో కన్ను పెట్టారని పక్కింటి పిన్నిగారు చెప్పగానే అమ్మ కుంచెకి కూడా దిష్టి తీసింది. చివరికి, ఎండ పడకముందే అయిపోవాలని ఇంకా పెందలాడే, వేగుచుక్క పొడవగానే మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నారు. కొంతకాలం బాగానే ఉన్నట్టుండేది, మళ్ళీ మామూలే. అప్పుడు ఇంకాస్త ముందుకి జరిపేవాళ్ళు.

ఆ రోజుల్లోనే నేను బందరు కాలేజీలో బీయస్సీ చదువుతుండేదాన్ని. పరీక్షకి గుండె బొమ్మ వస్తుందంటే కళ్ళు మూసుకుని గీసేదాన్ని. ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్యనుండే తలుపు పేరు అగ్రద్వయ కవాటమనీ, నెత్తురు పైనుంచి కిందికి దిగడానికే తెరుచుకుంటుంది గాని వెనక్కి పోనివ్వదనీ గడగడా ఒప్పజెప్పేదాన్ని. పుస్తకంలో గుండె చక్కగా గీసిన గీతల మధ్య కదలకుండా ఉంటుంది. అది ఎలా చప్పుడు చేస్తుందో, చప్పుడు మారితే మనిషి ఎలా మారుతుందో మాకు చెప్పినవాళ్ళు లేరు.

వదినకి దగ్గు మొదలైంది. పడుకుంటే దగ్గొస్తోందని దిండు మీద దిండు వేసుకునేది, నూలు దుమ్మని అందరం అనుకున్నాం, మగ్గాల వీధిలో దగ్గని మనిషెవరు గనక. నీళ్ళబిందె తేవడం ఎప్పుడు మానేసిందో, అది నా పనెప్పుడయిందో ఇప్పటికీ నాకు గుర్తు లేదు. రోలు దగ్గర అమ్మ కూర్చోవడం, మేడ మీద బట్టలు నేను ఆరేయడం, ఇవన్నీ ఎవరూ ఎవరికీ చెప్పకుండానే జరిగిపోయాయి. కలిసి బతికే ఇళ్ళలో అలాగే జరుగుతుంది. ఒకరోజు దగ్గుతో కాస్త నెత్తురు చార కనిపించేసరికి మాత్రం ఇల్లంతా వణికిపోయింది. అందరికీ ఒకే జబ్బు గుర్తొచ్చింది గాని ఎవరూ పేరెత్తలేదు. బందరులో డాక్టరు కఫం పరీక్ష చేయించి క్షయ కాదన్నారు, మందు సీసా ఇచ్చారు, తగ్గకపోతే బెజవాడలో గుండె డాక్టరుకి చూపించమన్నారు. తగ్గలేదు.

పెడనలో రైలెక్కి గుడివాడ మీదుగా బెజవాడ వెళ్ళాం, అన్నయ్యా, వదినా, తోడుకి నేనూ. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడ మీద ఉండేది ఆ డాక్టరుగారి గది. పెద్దాయన, తెల్లటి పొట్టి చేతుల చొక్కా, గొంతు పెంచకుండా మాట్లాడేవారు. అడిగిన మొదటి ప్రశ్నే అది, పని చేస్తే ఆయాసం వస్తుందా అమ్మా అని. వదిన లేదండి అంది. అబద్ధం కాదు. ఆయాసం వచ్చే పనులు ఒక్కొక్కటీ ఆవిడ దగ్గర్నుంచి జారిపోయి చాలాకాలమైంది, మిగిలిన పనుల్ని ఆయాసం రానంత నెమ్మదిగా చేసుకుంటోంది. అన్నయ్యని అడిగితే అతనూ లేదన్నాడు. ఆయన కాసేపు ఇద్దర్నీ చూసి, మీ ఆవిడ సంగతి తర్వాత చెబుదువు గాని నీ పని ఎలా సాగుతోంది బాబూ, అన్నారు.

పెళ్ళాం గురించి నోరు పెగలని మా అన్నయ్య, మగ్గం మాటెత్తేసరికి ఆనకట్ట గేటు ఎత్తినట్టు మాట్లాడాడు. పోగులు తెగడం, షావుకారు మాటలు, గంజి ఆరిపోవడం, అన్నీ చెప్పాడు. బయట బల్లల మీద రోగులు కూర్చుని ఉన్నా డాక్టరుగారు అడ్డు చెప్పలేదు. ఎందుకారిపోతోందని అడిగారు.

"అదే తెలియట్లేదండి. గంజి మార్చాం, నీళ్ళు మార్చాం, నూలు మార్చాం. చుక్క పొడవగానే మొదలెడుతున్నామండి."

"అన్నీ మార్చారు సరే, మారకుండా ఉన్నదేమిటి?"

"మేమిద్దరమేనండి," అన్నాడు అన్నయ్య.

అంటూనే తల తిప్పి వదిన వైపు చూశాడు. నేను పక్కనే ఉన్నాను గనక చెబుతున్నాను, మనిషి మొహంలో ఒక సంగతి అర్థం కావడం అంత స్పష్టంగా నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఏళ్ళ తరబడి కుంచెకి అవతలి కొసన ఆవిడ అడుగు రవ్వంత తగ్గితే, కుంచె వంకర పోకూడదని ఇవతలి కొసన ఇతనూ రవ్వంత తగ్గాడు. ఆవిడ ఇంకాస్త, ఇతనింకాస్త. ఇద్దరి నడకా ఎప్పుడూ సమానమే, అందుకని ఆవిడకీ తెలియలేదు, ఇతనికీ తెలియలేదు, చూసేవాళ్ళం మాకూ తెలియలేదు. తెలిసింది ఒక్క గంజికే, దాన్ని పట్టుకుని మేము తిట్టిపోశాం. నడక తగ్గిందండి, అన్నాడు అన్నయ్య చాలా మెల్లిగా. వదిన కళ్ళు దించుకుంది, తనేదో దాచినట్టు అనుకుంటారేమోనని ఆవిడ భయం. నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత డాక్టరుగారు చేసినవన్నీ నేను కళ్ళింత చేసుకుని చూశాను. అరచెయ్యి ఛాతీ మీద ఆనించి ముందు చేత్తోనే విన్నారు. మణికట్టు దగ్గర నాడి పట్టుకునే స్టెతస్కోపు పెట్టారు. తర్వాత నన్ను తోడిచ్చి వదినని ఆ మేడ మెట్లు కిందిదాకా దిగి మళ్ళీ ఎక్కి రమ్మన్నారు. వచ్చిన వెంటనే ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపుకి గంటలాంటి చిన్న కొస ఉంటుందే, దాన్ని రొమ్ము కింద సుతారంగా ఆనించి, ఊపిరి బిగపట్టమన్నారు. కూర్చోబెట్టి వింటే దొరకని చప్పుడు ఈ పక్కకి తిరిగితే, అదీ కాస్త అలిసినప్పుడైతే, బయటపడుతుందట. నేను మెడ సాచి చూడ్డం గమనించి, నవ్వి, వింటావా అని గొట్టాలు నా చెవులకి పెట్టారు. మొదట ఒక దెబ్బ ఠప్పుమని గట్టిగా, తర్వాత ఇంకోటి, దాని వెంటనే చిన్న టక్కు, ఆ పైన లోతుల్లోంచి గరగరమని ఒక మోత, కాలవ మీద రైలు పోతుంటే మా ఊళ్ళో ఇంట్లోకి వినిపించేలాంటిది. ఆ టక్కు బిరుసెక్కిన తలుపు తెరుచుకోవడమనీ, ఆ గరగర చాలినంత తెరుచుకోని సందులోంచి నెత్తురు తోసుకుంటూ దిగడమనీ ఆయన చెప్పారు. నేను గీసిన బొమ్మలన్నీ ఆ క్షణాన కదిలాయి.

చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్ళు వాచాయా అని అడిగితే వదిన ఆలోచించి, గొంతు నొప్పి తగ్గాక ఒకసారి మోకాలు, అది తగ్గుతుంటే చీలమండ, తర్వాత మోచెయ్యి వాచాయనీ, వాళ్ళ నాన్న భుజాన వేసుకుని తిప్పాడనీ, ఎదుగుదల నొప్పులని నూనె రాశారనీ చెప్పింది. కీళ్ళ వాపు పోయింది గాని దాని జాడ గుండె కవాటం మీద మిగిలిపోయి ఇన్నాళ్ళుగా మెల్లమెల్లగా ముడుచుకుంటూ వచ్చిందన్నమాట. ఈసీజీ తీశారు, ఎక్స్‌రేలో ఎడమ పైగది ఉబ్బినట్టు చూపించారు, చివరికి ఎకో. ఊళ్ళో అప్పుడప్పుడే వచ్చిన యంత్రమది, రంగులూ లేవు, చప్పుడూ లేదు, విసనకర్ర ఆకారంలో నలుపూ తెలుపూ మసక. దాంట్లోనే డాక్టరుగారు వేలు పెట్టి చూపించారు. రెండు రెక్కల తలుపు, రెక్కలు రెండూ అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోయాయి, మధ్యలో మాత్రం చిన్న సందు. అంతవరకు గుడ్లప్పగించి చూస్తున్న అన్నయ్యకి అది చూడగానే ఇట్టే అర్థమైపోయింది.

"పోగులు తెగకుండా విడదీయగలరాండీ?" అని అడిగాడు.

ఆ ప్రశ్నలోనే అంతా ఉందని ఆయన ఒప్పుకున్నారు. రెక్కలు ఇంకా మెత్తగా ఉంటే, వాటి మీద సున్నంలాంటిది గట్టిపడకుండా ఉంటే, పైగదిలో నెత్తురు గడ్డలేమీ లేకపోతే, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, కవాటం మధ్యన బుడగ ఉబ్బించి, అతుక్కున్నచోట విడిపోయేట్టు చేస్తారట. విడిపోవాల్సినచోట కాకుండా రెక్కే చిరిగితే వెంటనే ఛాతీ తెరిచి ఆపరేషను చేయాల్సిందే. చేయించకుండా ఊరుకుంటే ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు. ఇంకా పిల్లలు కలగలేదని అమ్మ మొక్కని దేవుడు లేడప్పటికి. ఈ గుండెతో కడుపుతో ఉంటే తల్లి ప్రాణానికే ముప్పయ్యేది, అలా జరక్కపోవడం మీ అదృష్టమని డాక్టరుగారంటే వదిన నా చెయ్యి పట్టుకుంది.

ఆ కొత్త పద్ధతి అప్పుడు మద్రాసులో చేస్తున్నారు. నాన్నా అన్నయ్యా వదినని తీసుకెళ్ళారు, నేనూ అమ్మా ఉండిపోయాం. అన్నయ్య మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. అమ్మ రోజూ దాని మీద దుమ్ము దులిపేది, కూర్చునేది కాదు. బుడగ పెట్టే రోజు పొద్దుటినుంచీ నేను బజార్లో ఫోను బూత్ దగ్గరే పడిగాపులు పడ్డాను. ఆరాలమ్మని కదా, బుడగ ఎంత ఉబ్బించాలో ఎలా తెలుస్తుంది, రెక్క చిరిగితే చప్పుడవుతుందా అని బుర్రలో ప్రశ్నలు తిరుగుతూనే ఉన్నాయి. భయాన్ని దూరం పెట్టడానికి నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే. మధ్యాహ్నం దాటాక మోగింది. అవతల అన్నయ్య గొంతు సరిగ్గా వినిపించక మళ్ళీ చెప్పమన్నాను.

"విడిపోయాయమ్మాయ్," అన్నాడు. "తెగలేదు."

ఇంటిదాకా పరిగెత్తాను. అమ్మ ఆ మాట విని గడపలోనే కూలబడి ఏడ్చింది.

మళ్ళీ ఆ కీళ్ళ జ్వరం రాకుండా వదినకి మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది తప్పలేదు. ఆ సూది నొప్పికి ఆవిడ తిట్టని తిట్టు లేదు, తిట్లన్నీ తెచ్చిచ్చే నాకే. కొన్ని నెలలు పోయాక బెజవాడ డాక్టరుగారు పరీక్షించి ఇక పనిచేసుకోవచ్చన్నారు. అమ్మ వద్దంటున్నా వినకుండా వదిన ఒక తెల్లవారుజామున కుంచె అందుకుంది. వీధంతా అరుగుల మీద చేరాం. మొదటి నాలుగడుగులూ బాగానే పడ్డాయి. ఆ తర్వాత కుంచె వంకర పోవడం మొదలైంది. వదిన ముందుకి పోతోంది, అన్నయ్య వెనకపడుతున్నాడు. ఇన్నేళ్ళూ తనకి తెలియకుండానే ఆవిడ అడుగుకి తన అడుగు తగ్గించుకుంటూ వచ్చాడు కదా. పాపం కాళ్ళు ఆ నెమ్మదికే అలవాటు పడిపోయాయి. సగం వీధి దాటేసరికి కుంచె కొస చేతిలోంచి జారబోతుంటే, కాస్త నెమ్మదిగా నడవవే, నేను అందుకోలేకపోతున్నానని అందరి ముందూ అన్నాడు. పదిమందిలో వదినతో అలా చనువుగా మాట్లాడడం అదే మొదటిసారి. ఆవిడ నడివీధిలో ఆగిపోయి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఉంది. ఆ పూట పడుగు మీద గంజి నిజంగానే ఆరిపోయింది.

తర్వాత వాళ్ళకి ఇద్దరు పిల్లలు పుట్టారు, చక్కగా పెరిగారు. మా వీధి ఇప్పుడు సిమెంటు రోడ్డయింది. పడుగులు ఎక్కడో యంత్రాల మీద గంజి పట్టించుకుని చుట్టలుగా వస్తున్నాయి, మగ్గాలు ఉన్న ఇళ్ళే తగ్గిపోయాయి, తెల్లవారితే వీధి పొడుగునా మోటారు సైకిళ్ళు నిలబడి ఉంటాయి. ఇప్పటి యంత్రాలు కవాటం సందు ఎంతో, నెత్తురు జోరెంతో అంకెలతో సహా చెప్పేస్తున్నాయి, ఆ రోజుల్లో ఇవి ఉంటే మా వదిన అన్నేళ్ళు దగ్గేది కాదు, అందుకు నేను సంతోషించనిరోజు లేదు. కానీ మన ఈడువాళ్ళని ఒక్కమాట అడుగుతాను, పొద్దున్నే మా భవానీపురం కృష్ణ ఒడ్డున నడిచేవాళ్ళని చూడండి, చేతికి గడియారాలు, చెవుల్లో వైర్లు, ఒకరి నడక ఇంకొకరికి పట్టదు. మనిషి పక్కన మనిషి ఏళ్ళ తరబడి అడుగు కలిపి నడిచే పని ఏదైనా మిగిలిందా?

అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. వదిన గన్నవరంలో కూతురి దగ్గర ఉంటోంది. బుడగతో విడదీసిన కవాటం వయసుతో మళ్ళీ కాస్త ముడుచుకుంటుందని ముందే చెప్పారు గనక, ఏటా ఎకోకి నేనే తోడు వెళుతుంటాను. కిందటి నెల వెళ్ళినప్పుడు, తెర మీద అంకెలు పోయినేటి మీద రవ్వంత మారాయట, ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారు వాటిని పక్కనపెట్టి, ఇదివరకటి మీద మీ నడక ఏమైనా తగ్గిందామ్మా అని వదినని అడిగారు.

"పక్కన ఆయనుంటే చెప్పేవారు బాబూ. ఒక్కదాన్నే నడుస్తుంటే తగ్గిందో లేదో నాకెట్లా తెలుస్తుంది?"

డాక్టరుగారు వరండాలో ఆ చివరిదాకా ఒకసారి నడిచి చూపించమన్నారు. వదిన లేచింది. నేనూ లేచి పక్కన చేరాను. ఇద్దరం గోడవారగా ఆ చివరికి నడిచాం, మళ్ళీ ఈ చివరికి వచ్చాం. ఎక్కడా ఇద్దరిలో ఎవరం వెనకపడలేదు. పెద్దావిడ, గుండె జబ్బు మనిషి అని ఆవిడ కోసం నేను నెమ్మదిగా నడిచాననుకున్నాను. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంటూ వదిన నా చెయ్యి తట్టి, నీకోసమే నెమ్మదిగా నడిచానే అమ్మాయ్ అంది.